పీసు

పలాస జీడి ఫ్యాక్టరీలో
నాను నేర్చిన ఇంగిలీసు ఒకటే మాట.

గుండు విరిగితే బద్ద,
బద్ద విరిగితే పీసు.
కిలోకి కూలి కోసీసినప్పుడే
అర్థం తెలిసిపోయింది.

ఆడపడుచు కొత్తింట్లో పాలు పొంగిన నాడు
బొట్టెట్టి ఇచ్చిందీ పీసే,
ఎనభై సెంటీమీటర్లు.
చేతులకి చాల్లేదు.

కాశీబుగ్గ పెళ్ళి భోజనాల్లో
బకెట్టు కుర్రాడు మొగం చూసి పీసేస్తాడు:
మేస్త్రీకి రెండు, మాకు పులుసు.

ఆటో వెనక సీటు కుర్రోళ్ళు
మమ్మల్నీ అదే మాటన్నారు.
దాలమ్మ చెప్పు తీసింది.

టైంపీసు మాత్రం మాయమ్మది.
నాలుగ్గంటలకి షిఫ్టుకి లేపీది.
ఇప్పుడు ముల్లు
ఊగుతాది, కదల్దు.

రాత్రి నల్లమరకల చేతుల్తో అన్నం కలుపుతుంటే
మా జయంతి పుస్తకంలోంచి తలెత్తింది:
"అమ్మా, పీస్ అంటే శాంతి."

ఎవుర్తే, నాలుగో బల్ల శాంతా?

పగలబడి నవ్వింది పిల్ల.
నాకు నవ్వు రాలేదు.

జీడి చమురు తిన్న వేలికి గుడ్డ చుట్టుకుని
పొద్దున్నించీ కూకుందది బల్ల కాడ.
దాని తట్టలో ఒక్క గుండూ లేదు.
మేస్త్రీ తూకం చూసి
ఆ మాటే అన్నాడు.