గోటికి తగిలేంత

గాలి ఇక్కడ తలుపు తీయదు, లాక్కుంటుంది.
పుంతా అరేనాస్‌లో కారు కొన్న మొదటి వారమే తెలిసింది
ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలని,
దిగేముందు రెండు చేతులూ తలుపుకే ఇవ్వాలని.
అమ్మినవాడు ఈ సంగతి చెప్పలేదు.
అతను చెప్పనివి ఇంకా చాలా ఉన్నాయి.

జపాన్ నుంచి ఓడ మీద వచ్చిన నీలం కారు,
నాకు ముందు ఎవరెవరిదో.
స్టీరింగ్‌ని కుడి నుంచి ఎడమకు మార్చారు గానీ
దాని పక్క పుల్లల్ని అలాగే వదిలేశారు:
మలుపు తిరుగుతున్నానని చెప్పబోతే
ఎండలో వైపర్ ఊగుతుంది.
రేడియో తొంభై దగ్గర ఆగిపోతుంది,
మా స్టేషన్లన్నీ ఆ పైనే.
రెండేళ్ళకు సీటు కింద దొరికాయి
ఒక రసీదు, ఒక పిల్లల దువ్వెన.
రసీదు పారేశాను.
దువ్వెన ఇంకా డాష్‌బోర్డు అరలో ఉంది, ఎందుకో.

తాళం తిప్పగానే ఒక ఆడగొంతు
మెత్తగా ఏదో అంటుంది.
ఆరేళ్ళు దాన్ని దీవెన అనుకున్నాను.
"నీకూ మంచి జరగాలి తల్లీ" అని
ఆసుపత్రి రాత్రి డ్యూటీకి బయల్దేరేదాన్ని.
నతాలెస్ దారిలో ఎక్కించుకున్న ఒసాకా కుర్రాడు
విని కడుపు పట్టుకుని నవ్వాడు:
టోల్ కార్డు పెట్టలేదు, చూసుకోండి, అంటోందట.
మా వైపు టోల్ గేటే లేదు.
అయినా ఇప్పటికీ జవాబు చెబుతాను.
ఊరుకుంటే అదోలా ఉంటుంది.

ఇక గీత సంగతి.
పోయిన ఆగస్టులో యోవాంకా కుసనోవిచ్
తన కారు తలుపును గాలికి వదిలేసింది.
నా తలుపు మీద జానెడు తెల్లటి గీత.
ఆమె "గాలి" అంది. నేను "చెయ్యి" అన్నాను.
అంతే. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ
ఎనిమిది నెలలు
చెత్త డబ్బా దగ్గర కూడా తలలు తిప్పుకున్నాం.
ఆమె రూబార్బ్ జామ్ సీసా
ఆ వేసవి మా గడప తొక్కలేదు.

రంగుల కొట్టు బార్రియా నీళ్ళు చల్లమన్నాడు:
తడిలో మాయమైతే పైపొర బాధే.
మాయం కాలేదు.
గోరు పెట్టి అడ్డంగా లాగు, ఆగితే లోతు.
లాగాను. ఆగలేదు, ఎక్కి దిగింది.
గీత లోపలికి లేదు,
పైకి ఉంది.
కిరసనాయిలు గుడ్డతో అర నిమిషం రుద్దాడు.
గుడ్డ మీద తెలుపు.
"ఇది నీ దెబ్బ కాదు," అన్నాడు,
"ఆవిడ పెయింటు."

అంతా పోలేదు. పిడి కింద
వేలెడు మేర గోరు ఆగింది.
బానెట్ కింద రేకు మీది నంబరు చూసి
చిన్న సీసాలో రంగు కలిపిచ్చాడు.
ఉప్పుగాలి తిన్న తలుపు మీద తడి ఉప్పుకాగితం.
బ్రష్ వద్దు, అగ్గిపుల్ల మొన చాలు.
చుక్క. ఆరనివ్వు. చుక్క.
"పుయ్యకు, నింపు."

ఆరాక చూస్తే కొత్త చోటు ముదురు.
నంబరు తప్పని పోట్లాటకు వెళ్ళాను,
పోట్లాటలో చెయ్యి తిరిగి ఉన్నాను మరి.
అతను మాట్లాడకుండా పెట్రోలు మూత మీది రేకు తెరిచాడు.
లోపల, పదిహేడేళ్ళుగా ఎండ ఎరగని చోట,
అదే ముదురు నీలం.
నా చేతికి వచ్చేనాటికే వెలిసిపోయిన కారు
మొదట ఎలా ఉండేదో
నాకు వేలెడు మేర తెలిసింది.

ఆదివారం గుడ్డా సీసా పట్టుకుని
యోవాంకా కారు దగ్గరికి వెళ్ళాను.
తెల్ల తలుపు అంచున నీలం.
వెలిసిన నీలం, నాదే.
వంగి రుద్దుతుంటే కిటికీ తెర కదిలింది.
చెప్పులు కూడా లేకుండా బయటికొచ్చింది.
"ఏం చేస్తున్నావు?"
"నాది నేను తీసుకుపోతున్నాను."
ఆమె నోరు తెరిచేలోపే
గాలి వెనక ఇంటి తలుపును దబ్బున మూసింది.
తాళాలు లోపల.

తాళాలవాడు వచ్చేదాకా నా కారులో కూర్చున్నాం.
హీటరు కోసం తాళం తిప్పాను.
ఆ గొంతు పలికింది.
"ఏమంటోంది?" అంది యోవాంకా,
చల్లబడ్డ పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని.
"ఏదో పెట్టలేదంటోంది."
కాసేపు ముందుకే చూసింది.
"జామ్ కాబోలు."