రెండు స్క్రూలు తక్కువ

జనవరి. ఎస్టోనియాలో మా వోరు పట్నం చెరువు గడ్డకట్టి
జనం దానిమీదే అడ్డదారిన నడిచిపోతున్న రోజులు.
ఎండెల్ బూట్ల మంచు దులుపుకోకుండానే నా కొట్లోకొచ్చి
"నేలకి ఓక్ కావాలి" అన్నాడు.
గది ఎంతంటే చేతులు చాపి చూపించాడు,
కాసేపాగి, ఇంకాస్త చాపాడు.

గోరు గుచ్చి చూడమన్నాను.
ఓక్ మీద గోరే విరుగుతుంది.
పైన్ మీద నెలవంక పడుతుంది.
"కుర్చీ లాగినా కుక్క పరిగెత్తినా
పైన్ అన్నీ రాసిపెట్టుకుంటుంది.
ఓక్ దేన్నీ పట్టించుకోదు.
ఏదైనా సరే, వార్నిష్ వద్దు, నూనె పట్టించు.
వార్నిష్ గీసుకుపోతే నేలంతా గీకాలి,
నూనె పోతే పోయినచోటే గుడ్డపేలికతో రుద్దుకోవచ్చు."
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే పాఠం.
మొదటిసారే విన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

సాల్మె వెనకాలే వచ్చింది.
బూట్లు విప్పింది, ఉన్ని మేజోళ్ళూ విప్పింది.
నమూనా పలకలు ఒక్కోటీ ఎక్కి
మడమ ఎత్తి, దించి,
పైన్ దగ్గర ఆగింది. "ఇది."
ఎండెల్ నోరు తెరిచి, మూశాడు.

పలకల్ని వాళ్ళ గదిలోనే పడుకోబెట్టాను,
గాలి ఆడేలా మధ్యన పుల్లలు పెట్టి.
మూడు వారాలు ముట్టుకోవద్దన్నాను.
చలిలోంచి వచ్చిన చెక్క పొయ్యి వేడికి అలవాటు పడాలి,
ముడుచుకునేదేదో ముందే ముడుచుకోవాలి.
తొందరపడి బిగించామా,
వేసవి రాకముందే సందుల్లోంచి కింది చీకటి కనిపిస్తుంది.
ఒక్కరోజే మూడుసార్లు ఫోన్ చేశాడు ఎండెల్:
"ఇంకా అలవాటు కాలేదా?"
చెక్కనే అడగమన్నాను. మూడుసార్లూ నవ్వాను.

పాత నేల ఊడదీసేటప్పుడు
మంచం పక్క పలక కాలికింద కిర్రుమంది.
"పౌడరు చల్లితే నెల్లాళ్ళు నోరుమూస్తుంది,
దూలంలోకి రెండు స్క్రూలు దించితే జన్మలో మాట్లాడదు.
కొత్తదానికి ఆ గొడవే ఉండదులే" అన్నాను.
సాల్మె ఏమీ అనలేదు.

అతను పొట్టు పారబోయడానికి బయటికెళ్ళాక
నా మోచెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి నడిపించింది.
"ఇక్కడొకటి వదిలెయ్."

చెవిమిషన్లు తీసి నీళ్ళగ్లాసు పక్కన పెట్టాక
ఆమెకి మంచు రాలినా ఒకటే, కప్పు కూలినా ఒకటే.
అతను రాత్రిళ్ళు లేస్తున్నాడట.
మొన్న చెరువు మధ్యలో దొరికాడు,
ఒంటిమీద చొక్కా మాత్రమే.
"ఆ పలక కుంగితే మంచం కోడు కుంగుతుంది.
కోడు కదిలితే నాకు మెలకువొస్తుంది.
చెవులతో కాదు, నడుముతో వింటాను."

అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు ఫోన్లు.

నలభై ఏడు పలకలు.
గోడవారగా వేలిమందం సందు వదిలాను,
ఎండాకాలం చెక్క ఒళ్ళు విరుచుకోడానికి.
నరం వాలు చూసి చిత్రిక పట్టాను,
ఎదురు పడితే పేళ్ళు లేస్తాయి.
ఉలి మళ్ళీ మళ్ళీ నూరాను, పనిలేకపోయినా.
మంచం పక్క మాత్రం
దూలం నెత్తిన పిసరంత చెక్కేసి
ఆ కొసన రెండు స్క్రూలు బిగించలేదు.
చేతులు ఒప్పుకోక
వెళ్ళి వెళ్ళి అక్కడే తడుముకున్నాయి.

పని నేర్చుకునే కుర్రాడు రైనో మట్టం పెట్టి చూశాడు.
"ఇక్కడ వదులుగా ఉంది. చూసుకోలేదా?"
"చూసుకునే."
"స్క్రూ లూజు నేలకి కాదు" అని గొణిగాడు.

ఎండెల్ కొత్త నేలమీద అటూ ఇటూ నడిచాడు.
మంచం పక్క ఆగి, మళ్ళీ తొక్కాడు.
నా వైపు చూశాడు. సాల్మె కిటికీ వైపు చూస్తోంది.
"బాగా వేశావు," అన్నాడు
పాదం దానిమీంచి తియ్యకుండా.

ఆ రెండు స్క్రూలూ ఇంకా నా జేబులోనే ఉన్నాయి.
నేల కిర్రుమనకుండా ఏం చెయ్యాలని ఎవరైనా అడిగితే
చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.
"మంచం ఎటువైపు?" అంటున్నాను.