మోకాలు దాటని పత్తి

మానేరు ఒడ్డున పొద్దు ఇంకా పచ్చిగానే ఉంది.
సున్నంతో నేల మీద ప్లస్ గుర్తు గీసి
డ్రోన్ పైకి లేపాను.
కొంగలు లేచి, దాన్ని ఒక చుట్టు తిరిగి చూసి
మనది కాదనుకుని దిగిపోయాయి.

ఓదెమ్మ గడ్డికొడవలితో సహా వచ్చింది.
"మళ్ళ కొలుస్తున్రా? బొగ్గుబాయి కోసమా, కాలువ కోసమా?"
ఈ ఊరిని పైనుంచి చూసిన ప్రతివాడూ
తర్వాత ఒక నోటీసుతో కిందికొచ్చాడు.
"పాత రాళ్ళ కోసం" అన్నాను.
నమ్మలేదు. నా పక్కనే గట్టు మీద కూలబడింది,
ఆ గాలిమోటరు దిగేదాకా కదలనన్నట్టు.

లేజర్ క్షణానికి లక్ష చినుకులై కురిసింది.
ఆకు మీద కొన్ని, కొమ్మ మీద కొన్ని,
సందు దొరికినవి మాత్రం మట్టిని ముట్టి తిరిగొచ్చాయి.
ల్యాప్‌టాప్‌లో తుమ్మలన్నీ ఒక్క మీటతో తీసేశాను.
పత్తి తీసేశాను. కందికట్టె తీసేశాను.
నది విడిచిపెట్టిన పాత దారులన్నీ తేలాయి,
వాటి పక్కన ఎత్తుగడ్డ మీద
ఒక వలయం. పందొమ్మిది మీటర్లు.
తూర్పున తెగి ఉంది.

"గిదా? గీడ పత్తి మోకాలు దాటది,
మా అత్త కాలం కెల్లి గంతే.
రాకాసి గూడంటరు. వాన ఎనకబడితే
గుండ్రంగ ముందు వాడేది గిదే.
తూర్పు రాళ్ళా? నువ్వు కూసున్న గట్టుల ఉన్నయి.
రెండెండకాలాలు మోసినం, నేనూ మా ఆయనా."
నేను లేచి నిలబడ్డాను, ఎందుకో.

వలయానికి దక్షిణంగా ఇంకో చిన్న దిబ్బ,
జానెడు ఎత్తు, కొసలు నున్నగా.
సాఫ్ట్‌వేర్ దాని పక్కన ఎర్రగా రాసింది:
బహుశా సమాధి.
ఆమె చాలాసేపు చూసింది.
మరకేమో అనుకుని కొంగుతో తెర తుడిచింది.
"గది మా సుక్కబర్రె.
వరదొచ్చిన ఏడు, సూడితోని ఉండె, ఒడ్డెక్కలేకపాయె.
ఉప్పు పోసి, పసుపు సల్లి
మెడల గంట తియ్యకుంటనే పెట్టినం."

ఇనుప గంట.
రాకాసి గూళ్ళలోనూ దొరికేది ఇంతే:
ఎముకలు, ఒక కుండ, తుప్పుపట్టిన ఇనుము ఏదో.

తప్పు గుర్తింపు అని కొట్టెయ్యడం పద్ధతి.
బ్యాటరీ పదకొండు శాతం ఉంది.
ఓదెమ్మ కొడవలి తీసుకుని చేన్లోకి దిగిపోయింది.
నేను 'బహుశా' ఒక్కటి తీసేశాను.