కొననివాటి పద్దు

గుణుపురంలో అద్దెకి దిగిన మూడో నెల
రైసుమిల్లు వాళ్ళిచ్చిన పాత డైరీలో
ఎడమ పక్క కొన్నవి రాసుకున్నాను.
కుడి పక్క ఊరికే పడుందని
కొననివి రాయడం మొదలెట్టాను.

కొత్తిమీర, అయిదు రూపాయలు, కొనలేదు.
తోటకూర కట్ట, పది, కొనలేదు.
ఆనపకాయ ముప్ఫై అన్నాడు,
తీగకి వేలాడుతోంది, కొనలేదు.

మా దాలినాయుడు మిల్లులో బస్తాలు లెక్కెట్టే మనిషి.
డైరీ తిరగేసి నవ్వాడు:
"ఏనుగునీ కొనలేదు కదా,
అదీ రాయకపోయావా."

నవ్వనీ.
పెరడంటే పెరడు కాదు,
నూతి గట్టుకీ మరుగుదొడ్డి గోడకీ మధ్య
రెండు మంచాలు పట్టే నేల.
తవ్వితే మట్టికన్నా ముందు
పెంకులు, గాజు ముక్కలు,
ఎవరి పిల్లదో విరిగిన పలక.
దాని మీద గీరిన గుండ్రటి ఒడియా అక్షరం
ఇంకా చెరగలేదు.

మొదటి వంకాయ లెక్క చెప్పనా?
పార రెండొందల నలభై.
పేడ తట్ట ముప్ఫై.
మేక దూరకుండా చింపి కట్టిన చీరకి
ఖరీదు వెయ్యను, దాని ఆయుష్షు అప్పటికే తీరింది.
కాసినవి నాలుగు, ఒకటి పుచ్చు.
కాయ తొంభై పడింది.
ఆ రాత్రి పెళ్ళిభోజనంలా నెమ్మదిగా తిన్నాం.
నాయుడు తొడిమ కూడా చీకాడు,
ఏమీ అనలేదు.

సంతరోజున కొండ దిగి వస్తుందొక సవర మనిషి.
పేరు సొంబారి,
సోమారం పుట్టిందిట.
మన మాటలో సోంబేరంటే ఏమిటో చెప్పబోయి
ఆమె మడమలు చూసి ఊరుకున్నాను.
చీకటితో లేచి పదకొండు కిలోమీటర్లు
నెత్తిన గంపతో దిగొచ్చిన మడమలు.

అడ్డాకు దొన్నెల్లో కందులు,
ఎర్రచారల బొబ్బర్లు,
బూడిదలో పొర్లించిన గుమ్మడి గింజలు.
బొబ్బర్లు ఎంత అన్నాను.
తల అడ్డంగా ఊపింది.
నాకు ఒడియా సగం, ఆమెకి తెలుగు పావు,
మిగతాది వేళ్ళు చెప్పాయి:
గుప్పెడు పట్టుకెళ్ళు,
పండాక గుప్పెడున్నర తే.

ఇది ఏ పక్క రాయను?
కొన్నది కాదు, కొననిదీ కాదు.
రెండు పేజీల మధ్య కుట్టు మీద
ఇరికించి రాశాను:
సొంబారికి, గుప్పెడున్నర.

శ్రావణంలో వంశధార పొంగి లారీలు ఆగాయి.
టమాటా వంద దాటింది, వీధంతా అదే మాట.
మా ఇంట గోంగూర పులుపే పులుపు.
పక్కింటి పాణిగ్రాహి గారి కోడలు
గోడ మీంచి గిన్నె చాపితే
బచ్చలి తుంచి వేశాను.
మర్నాడు ఆ గిన్నె నిండా మినప వడియాలు,
వాళ్ళ మాటలో బొడి.
అది ఏ పక్కా రాయలేదు.

ఏడాది చివర కుడి పక్క కూడితే
మూడువేల నూటపన్నెండు.
నాయుడు పెన్సిలు చెవిన పెట్టుకుని మళ్ళీ కూడాడు.
"నీళ్ళు తోడిన కూలి వెయ్యలేదే?
రోజుకి ఇరవైరెండు చేదలు.
కూలి కడితే మునిగాం."
నిజమే.
ఆ లెక్కన నేను పడుకున్నందుకూ
ఎవరికో బాడుగ కట్టాలి.

బొబ్బరికాయలు ఒలిచాక భయం పట్టుకుంది.
గుప్పెడున్నరంటే ఎవరి గుప్పెడు?
నాది చిన్నది,
గాజులవాడే రెండుసార్లు వెతుక్కునే చెయ్యి.
ఆమెది కొడ్డలి పట్టే చెయ్యి.
బస్తాలెత్తే నాయుడి చేత ఒకటి పోయించాను,
నావి రెండు పోశాను,
ఇంకా అనుమానంగానే మూట కట్టాను.

సొంబారి కొలవలేదు.
మూట విప్పి ఒక్క గింజ తీసి
పంటి కింద పెట్టింది,
సూర్యుడి వైపు రెండు వేళ్ళు చూపించింది:
ఎండలేదు, ఇంకో రెండు ఎండలు.
మూట నా చేతిలోనే పెట్టేసి
పక్కావిడకి గుమ్మడి గింజలు పోస్తోంది.

డాబా మీద ఎర్రచారలు ఆరబోసి
పాణిగ్రాహి గారి కోడిని అదిలిస్తూ కూర్చున్నాను.
ఇవాళ రాయడానికేమీ లేదు.
రెండు పక్కలా.