మూడో పట్టీ

కిలో నలభై రెండు రూపాయలు.
పాలకొండ పాతినప కొట్టులో
త్రాసు మీద పడేసి అడిగాడు,
"ఏటి సేత్తావమ్మా దీన్ని?"
కత్తి, అన్నాను.
నవ్వలేదు. ఇంకో అరకిలో ముక్క ఊరికే వేశాడు,
మొదటిది పాడవుతుందని ముందే తెలిసినట్టు.

సీతంపేట ఘాటు బస్సు కమాను అది.
విప్పింది నేనే.
డిపోలో అప్రెంటిసుగా చేరిన మూడో నెల,
గుంటలో దిగి, నెత్తిమీద గ్రీజు కారుతుంటే
బోల్టులు ఊడదీసి
మధ్యకి విరిగిన మూడో పట్టీని
రెండు చేతులా బయటికి మోశాను.
వేలంలో పోయిన తుక్కు వెంట పడి వెతికితే
నా సుద్ద గీత ఇంకా చెరగలేదు.

ఎన్నేళ్లు కొండెక్కి దిగిందో.
అనాస బుట్టలు, పసుపు బస్తాలు, పెళ్లి జనం,
ఆసుపత్రి చేరకుండానే కన్న ఒకామె.
ప్రతి గోతికీ వంగి
గోతి దాటాక లేచి.

వీరఘట్టంలో సన్నాసాచారి కొలిమి.
తిత్తులు పోయి ఫ్యాను వచ్చింది.
దాగలి మాత్రం తాతది,
నడుమ పల్లం పడి, తలగడలా.
పట్టీని ఎర్రగా కాల్చి ఊకబూడిదలో పూడ్చి
రేపు రా అన్నాడు.
"ఒంగి లెగిసే అలవాటున్నాది దీనికి.
రేత్రంతా పడుకోనీ. మర్సిపోద్ది."

అతని చిన్న సుత్తి టింగుమన్నచోట
నా సమ్మెట పడాలి, అంతే పని.
మొదటి గంట పక్కింటి చిరునామాలో పడింది.
తర్వాత మూడు సాయంత్రాలు ఆకురాయి.
ముక్కు చీదితే నలుపు,
అన్నం ముద్దలో ఇనుము.

నీళ్లలో ముంచాం.
టిక్.
గాజు పగిలినంత కాదు,
ఎవరో నాలుక చప్పరించినంత.
వెలుగుకి పెట్టి చూస్తే అంచు మీద
వెంట్రుకంత గీత.
ఆచారి ఏమీ అనలేదు. గోడకి తగిలించాడు.
అక్కడ ఇంకో పదకొండు ఉన్నాయి.
ఇవెవరివి?
"నాయే."

ఊరికే వచ్చిన అరకిలో అప్పుడు పనికొచ్చింది.
ఈసారి పాడైన రేడియోలోంచి అయస్కాంతం తెచ్చాను.
ఎరుపు ముదిరి, ముదిరి,
అయస్కాంతం ఇక పట్టనంటే
అదీ సమయం.
కాలిన ఇంజనాయిల్లో దించాను.
పొగ. దగ్గు. కళ్లనీళ్లు.
చెవి దగ్గర పెట్టి విన్నాను.
ఏమీ లేదు.
అంత మంచి ఏమీలేదు ఎప్పుడూ వినలేదు.

ఇసక పెనం మీద మళ్లీ సన్నటి సెగ.
ఎండుగడ్డి రంగు రాగానే తీసెయ్,
వంకాయ రంగు దాకా ఆగితే
కొబ్బరాకుతో కోసుకున్నట్టే, అన్నాడు.
పనసచెక్క పిడి. రెండు ఇత్తడి మేకులు,
ఒకటి వంకర.
పదును చూడబోతే మొదట తెగింది
నా బొటనవేలే.

అయిపోయాక నా కత్తిని నాకే
చేతికివ్వలేదు ఆచారి.
కింద పెట్టి, తీసుకో అన్నాడు.

ఆదివారం అదే బస్సెక్కి సీతంపేట.
సంతలో సుక్కమ్మ
అనాసకాయని అరచేతిలో తిప్పుతూ
నేను ఊపిరి తీసేలోపు చెక్కు తీస్తుంది,
ఆమె కత్తి అరిగి అరిగి వేపాకంత.
నాది తీసుకుంది. ఒక కాయ కోసింది.
రెండోది కొయ్యలేదు.
"బరువు. యెన్ను దళసరి.
సగం అరగదీసి తే."

ఒక ముక్క నాకిచ్చి
కత్తిని తట్ట అంచున పెట్టింది.
తీపి, పులుపు, వెనకాల కొంచెం బస్సు రుచి.

తిరుగు బస్సులో చూసుకుంటే
పులుపు తగిలిన మేర నీలం మచ్చ,
వాన పట్టిన కొండ రంగు.
కొంగుతో తుడిచాను. పోలేదు.
మలుపు దగ్గర గోతిలో
కొత్త పట్టీ కిర్రుమంది,
ఇంకా అలవాటు పడలేదు.