ఏరియేటర్లు ఆగిన చోట

దరఖాస్తులో రెండు గళ్లు మిగిలిపోయాయి.
ఈ చిత్రం ఎవరి కోసం.
ఏ వయసు దాటినవాళ్లు చూడొచ్చు.

మూలాపేట ఇనుప కొట్లో
మేకులు తూకమేస్తూనే మునస్వామి గారన్నారు:
"యూత్ అని రాయబ్బయా, థ్రిల్లరంటే యూతే గదా.
వయసు మాత్రం తగ్గించు.
పిల్లోడొస్తే వాడెనక ఇంకో రెండు టికెట్లు తెగతాయి."
ఆయన పెట్టిన డబ్బు ఆయన గొంతులో ఉంది.
నా దగ్గర మూడు హత్యలున్నాయి,
ఒక బావి, కట్టేసిన ఒక కుక్క,
నూట పన్నెండు నిమిషాల చీకటి.

యూత్ ఎక్కడుంటుందో నాకు తెలీదు.
రాత్రంతా మేలుకుని ఉండేవాళ్లు మాత్రం తెలుసు.

అద్దె ప్రొజెక్టర్ని బండికి కట్టుకుని
విడవలూరు దాటి
ఊటుకూరు రొయ్యల చెరువుల మీదికి పోయాను.
మేత బస్తాల షెడ్డు గోడకి
నీలం టార్పాలిన్ తిరగేసి కట్టాం, తెల్లవైపు మాకు.
కాపలా పోలయ్య, అతని తమ్ముడు చెంచయ్య,
మేత చల్లే ఒడిశా కుర్రాళ్లు నలుగురు
(భాష రాదు, భయం వస్తుంది),
జనరేటర్ చూసే మస్తాన్ వలీ,
నెత్తిన తువ్వాలతో సుబ్బరత్తమ్మ,
ఇంకెవరో ఇద్దరు.
పోలయ్య మనవరాలు పావని, ఎనిమిదేళ్లు,
ఎవరూ పిలవకుండానే ముందు వరసలో.

"పాపని పంపించు పోలయ్యా, నెత్తురుండాది."
"యాడికి పంపేది సామీ, ఇల్లిదే."

మొదటి హత్యకి చెంచయ్య బీడీ వెలిగించాడు.
రెండోదానికి సుబ్బరత్తమ్మ
ఆ కత్తికి మట్టగిడస కూడా తెగదంది.
పన్నెండు రోజులు కూర్చుని నేను చెక్కిన కేక
కాలవ అవతలి కొంగని కూడా లేపలేదు.

అప్పుడొచ్చింది, నేను లెక్కలో పెట్టని సీను.
ఊరి చివర ఆ పిల్ల నిలబడి ఉంటుంది,
వెనక ఎక్కడో మోటారు చప్పుడు,
ఉన్నట్టుండి ఆగిపోతుంది.
కథలో దానికి అర్థమేమీ లేదు.
సౌండ్ కుర్రాడి చెయ్యి జారి చెరిగిపోయిందంతే.

పదిమందీ ఒక్కసారి లేచారు.
మస్తాన్ వలీ చెప్పులు వదిలేసి జనరేటర్ వైపు పరిగెత్తాడు.
టార్చిలైట్లు గట్లెమ్మట ఉరికాయి.
నిజం చెరువులో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి,
మా స్పీకరే వాళ్లకి చెరువు కంటే దగ్గరైంది.

పోలయ్య తిరిగొచ్చి, తడి చెయ్యి పంచెకి తుడుచుకుంటూ,
"చక్రం ఆగితే నీళ్లలో గాలి అయిపోతాది సామీ.
రొయ్య పైకొచ్చి గట్టెమ్మట నిలబడతాది,
మనిషి నిలబడ్డట్టే.
నిరుడు ఆరో చెరువు అట్టనే పోయింది.
జీతంలో ఇంకా పట్టుకుంటన్నారు."

ఆ తర్వాత ఎవరూ బీడీ వెలిగించలేదు.
మూడో హత్యని ఊపిరి బిగపట్టి చూశారు,
తెర కంటే ఎక్కువ చెవులతో.

పేర్లు పడుతుంటే పావని అడిగింది:
"ఆ కుక్కని ఎవరిప్పారు?"

కథంతా వెనక్కి తిప్పుకున్నాను.
నలభయ్యో పేజీలో కట్టేశాం.
కట్టినవాడు బావిలో ఉన్నాడు.
"ఇప్పేశార్లే" అన్నాను.
"ఎప్పుడు? చూపించలా గదా."

బండికి ప్రొజెక్టర్ కట్టుకునేదాకా
నా వెనకే నిలబడింది.
నిద్రపోమంటే తల అడ్డంగా ఊపింది.

తెల్లారుజామున కోవూరు టీ బంకు దగ్గర
కాగితం బయటికి తీశాను.
మొదటి గడిలో అప్పటికే యూత్ అని ఉంది,
మునస్వామి గారి చేతిరాత.
రెండో గడిలో పదహారు అని రాశాను.
నెత్తురు కోసం కాదు.
పదహారు దాటినవాళ్లు కుక్క సంగతి అడగరు.

ముడి విప్పే షాటు ఒక్కటి,
నాలుగు సెకన్లు చాలు,
ఎంతవుతుందో రేపు కొట్టుకి పోయి అడగాలి,
ఆయన మేకులు తూయడం అయ్యాక.