కాకి గంటలు

రాయపురంలో కుప్పమ్మ డాబా మీద
మా యంత్రం బోర్లించిన తెల్ల గిన్నెలా ఉంటుంది.
చుట్టూ చాపలు పరిచి ఆమె నెత్తళ్లు ఎండేస్తుంది.
నెత్తళ్ల కోసం కాకులు,
కాకులు కూర్చోడానికి మా గిన్నె.

తరమణిలో నా తెర మీద అప్పుడు
ఇల్లు ఉన్నపళాన కుంగి, మళ్లీ లేస్తుంది.
ఆ చుక్కలన్నీ ఏరి పారేస్తాను.
వాటికి నేను పెట్టుకున్న పేరు కాకి గంటలు.

అవి పోగా మిగిలేది ఒక్క వాలుగీత.
ఏడాదికి ఐదు సెంటీమీటర్లు, ఈశాన్యానికి.
హార్బరు క్రేన్లు, ఎగ్మూరులో సిగ్నలు పడని రైలు,
కుప్పమ్మ, ఆమె నెత్తళ్లు, అన్నీ కలిసి.

"ఇల్లు నడుస్తోందా? ఎవర్నడిగి?" అందోసారి.
"నడిచే ఇంటికి అద్దె పెంచొచ్చా?"

రెండు చాపల అంచులు కలిపి
ఒకదాన్ని రెండోదాని కిందికి ఏటవాలుగా తోశాను.
పై చాప అంచు కిందికి లాక్కుపోయింది, నడుం ఉబ్బింది.
ఇంకాస్త తోస్తే
వెనకెక్కడో పాత చిరుగు నోరు తెరిచింది.
"కిందిది మనం. అంచు మీద ద్వీపాలు.
ఆ చిరుగే అండమాను సముద్రం."
"నెత్తళ్లు మట్టిపాలు చేశావు," అంది.

ఏరుకుంటూ ఏరుకుంటూ ఆగి,
"మరి ఆ ఆదివారం?"
ఆదివారం అనే అంటుంది ఎప్పుడూ,
మిగతా ఆదివారాలకు ఇంకేదో పేరున్నట్టు.

అప్పుడీ గిన్నె లేదు ఇక్కడ.
వేరే ఊళ్ల లెక్కలు చూసి చెప్పాను:
ద్వీపాలు గజాల కొద్దీ మనవైపు జరిగాయి.
మనం, ఓ చిటికెనవేలి గోరంత, తూర్పుకి.

"తూర్పంటే సముద్రమే కదా."
"అవును."
"నీళ్లొచ్చాకా?"
"రాకముందే. రెండు గంటల ముందే."

గోరు చూసుకుంది. దానికో చేప పొలుసు అంటుకుని ఉంది.
"అయితే మేమే ఎదురెళ్లామన్నమాట."
మేమంటే ఎందరో నేను అడగలేదు.

మర్నాటి నుంచి చాపలు నీళ్ల ట్యాంకు అవతలికి పోయాయి.
నెల రోజులు కాకి గంట ఒక్కటీ లేదు,
చుక్కలన్నీ గీత మీద బుద్ధిగా నిలబడ్డాయి.

డిసెంబరు చివర ఓ ఆదివారం పొద్దున
ఇల్లు కుంగింది. అరగంట. లేవలేదు.
ఫోన్ చేశాను, కాకులు మళ్లీ వచ్చాయా అని.

"కాకి కాదు, నేనే," అంది.
"గిన్నె మీద చెయ్యేసి కూర్చున్నా.
కదిలితే తెలుస్తుందేమోనని."